దుంగను కొట్టి బుట్ట చేయడం: పొటావాటోమీల బ్లాక్ యాష్ అల్లిక

వెదురు బద్ద కత్తి చూపిన దారిన చీలుతుంది. బ్లాక్ యాష్ చెట్టు చెక్క అలా కాదు. దానికి కత్తి పెట్టి లాభం లేదు, దెబ్బే దాన్ని విడదీస్తుంది. తడి దుంగ మీద గొడ్డలి తిరగేసి, మొద్దువైపుతో వరసగా కొట్టుకుంటూ పోతే, చెట్టు ఒక ఏడాదిలో పెరిగిన పొర ఈ చివర నుంచి ఆ చివరిదాకా పట్టీలా లేచి వస్తుంది. ఆ పట్టీనే సన్నగా చీల్చి, గీకి, బద్దలు కోసి అల్లితే బుట్ట. ఉత్తర అమెరికాలో గ్రేట్ లేక్స్ అనే పెద్ద సరస్సుల చుట్టుపక్కల ఉండే ఆదివాసీ తెగ పొటావాటోమీలు తమ భాషలో దీన్ని విస్గాక్ గోక్‌పెనాగెన్ అంటారు. విస్గాక్ అంటే బ్లాక్ యాష్, రెండో మాట బుట్ట.

అమెరికాలో కోసి, చుట్టి, కవర్లో పెట్టిన బద్దల కిట్లు దొరుకుతాయి. వాటితో ఒక పూటలో బుట్ట అల్లేయొచ్చు. ఇక్కడ చెప్పేది ఆ పని కాదు, చెట్టు దగ్గర మొదలయ్యే పని. అల్లిక మరిచిపోయినా మళ్లీ పట్టుకోవచ్చు. అమ్మమ్మ చేసిన పాత బుట్టను ముందు పెట్టుకుని వరస వరసా చూస్తే అల్లిక అర్థమవుతుంది. ఏ చెట్టు ఎంచుకోవాలి, దుంగను ఎలా తడిగా ఉంచాలి, దెబ్బ ఎంత గట్టిగా పడాలి అన్నవి మాత్రం ఏ బుట్టనూ చూసి నేర్చుకోలేం. పక్కన నిలబడి నేర్చుకోవాల్సిందే. తెగిపోయే ప్రమాదం ఎక్కువగా ఉన్న పోగు అదే.

పోగు తెగడానికి కారణాలు చరిత్రలో ఉన్నాయి. 1833 షికాగో ఒప్పందంతో పొటావాటోమీల భూమి చాలావరకు పోయింది. 1838 సెప్టెంబరులో ఇండియానాలోని ట్విన్ లేక్స్ దగ్గర 859 మందిని తుపాకుల మధ్య నడిపించుకుంటూ, రెండు నెలల్లో సుమారు 660 మైళ్ల దూరంలోని కాన్సస్‌కు తోలారు. దారిలో 40 మందికి పైగా చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది పిల్లలు. దాన్ని ఇవాళ్టికీ మరణయాత్ర అనే పిలుస్తారు. కాన్సస్‌లో బ్లాక్ యాష్ సహజంగా పెరగదు. అంటే అక్కడికి చేరినవాళ్లకు ఊరితోపాటు చెట్టు కూడా పోయింది. లియోపోల్డ్ పొకాగన్ అనే నాయకుడు తనవాళ్లు మిషిగన్‌లోనే ఉండేలా ఒప్పందంలో మినహాయింపు సాధించాడు కాబట్టి నైరుతి మిషిగన్‌లో డొవాజియాక్ చుట్టుపక్కల కుటుంబాలు చెట్టుకు దగ్గరగానే మిగిలాయి. అక్కడి పళ్లతోటల రైతులకు వాళ్లు బుట్టలు అమ్మేవారు. మిషిగన్‌లోనే మౌంట్ ప్లెజంట్‌లో 1893 నుంచి 1934 దాకా నడిచిన ప్రభుత్వ హాస్టలు బడిలో ఆదివాసీ పిల్లలను ఇంటి భాషకూ ఇంటి పనికీ దూరంగా పెంచారు. పొకాగన్ బ్యాండ్‌ను (బ్యాండ్ అంటే తెగలో ఒక శాఖ) ఫెడరల్ ప్రభుత్వం తిరిగి గుర్తించింది 1994 సెప్టెంబరు 21న. ఈ మధ్య పొటావాటోమీ బ్యాండ్లన్నీ ఏటా ఒక చోట కలుస్తున్నాయి. ఆతిథ్యం ఒక్కో ఏడాది ఒక్కో బ్యాండ్‌ది. కాన్సస్, ఓక్లహోమాల నుంచి వచ్చినవాళ్లకు దుంగ కొట్టే చప్పుడు వినే వీలు అలాంటి చోటే.

చెట్టు

బ్లాక్ యాష్ బురద నేలల్లో, వాగుల పక్కన, నీరు నిలిచే పల్లాల్లో పెరుగుతుంది. ఆకులు కొమ్మకు ఎదురెదురుగా జతలుగా వస్తాయి. ఒక్కో ఆకులో 7 నుంచి 11 చిట్టాకులు ఉంటాయి. ఆ చిట్టాకులకు తొడిమ ఉండదు, ఈనెకు నేరుగా అతుక్కుని ఉంటాయి. గుర్తుపట్టడానికి ఇదే గట్టి ఆనవాలు, ఎందుకంటే వైట్ యాష్, గ్రీన్ యాష్ చిట్టాకులకు చిన్న తొడిమలు ఉంటాయి. చలికాలంలో ఆకులు రాలిపోయాక మొగ్గ చూడాలి: ముదురు గోధుమ నుంచి నలుపు దాకా ఉంటుంది. బెరడు మెత్తగా, బెండులా ఉండి అరచేత్తో రుద్దితే పొట్టు రాలుతుంది.

చెట్టు దొరికితే సరిపోదు. బుట్టకు పనికొచ్చే చెట్టు కావాలి. రొమ్ము ఎత్తులో 8 నుంచి 12 అంగుళాల అడ్డుకొలత, కనీసం 6 అడుగుల మేర కొమ్మ గానీ ముడి గానీ మెలిక గానీ లేని మాను. బెరడు మీది గాడులు నిటారుగా పోతున్నాయో, చెట్టు చుట్టూ తిరుగుతున్నాయో చూడండి. తిరుగుతుంటే లోపలి నార కూడా మెలిక పడే ఉంటుంది. అలాంటి దుంగ నుంచి వచ్చే పట్టీ వంకరపోయి సగంలో తెగుతుంది. అనుభవం ఉన్నవాళ్లు మొదలు దగ్గర చిన్న గాటు పెట్టి వలయాలు చూస్తారు. ఒక్కో వలయం మందం ఒకటి నుంచి రెండు మిల్లీమీటర్ల దాకా ఉంటే మంచిది. కాగితంలా ఉంటే చీల్చలేం, మరీ మందంగా ఉంటే వంగదు. గంటల తరబడి తిరిగి, ఒక్క చెట్టూ నచ్చక వెనక్కి రావడం ఈ పనిలో మామూలే. తొందరపడి వంకర చెట్టు నరికితే చెట్టూ దండగ, వారం రోజుల శ్రమా దండగ.

నరికే ముందు పొటావాటోమీలు చెట్టు మొదట్లో పొగాకు పెట్టి, దేనికి తీసుకుంటున్నారో చెట్టుకు చెబుతారు. పొగాకును సేమా అంటారు. బయటివాళ్లు ఈ తంతును అనుకరించనక్కర్లేదు. పని నేర్పమని ఒక పెద్దను అడగడానికి వెళ్తే మాత్రం కొంచెం పొగాకు చేతిలో పెట్టి అడగడం అక్కడి మర్యాద. ఒట్టి చేతులతో వెళ్లి వీడియో తీయడం మొదలుపెట్టకండి.

డెట్రాయిట్ శివార్లలో, కాంటన్, నోవై లాంటి ఊళ్లలో ఉండే తెలుగువాళ్లకు ఒక మాట. ఆ వీధుల్లో ఒకప్పుడు వరసగా నిలిచిన యాష్ చెట్లు ఎక్కువగా గ్రీన్ యాష్, వైట్ యాష్. వాటి వలయాలు ఇంత సులువుగా విడిపోవు. పెరట్లో ఎండిపోయిన యాష్ మొద్దు ఉంది కదా అని సమ్మెట పట్టుకుంటే భుజం నొప్పి తప్ప పట్టీ రాదు.

దెబ్బకు పొర ఎందుకు లేస్తుంది

వసంతంలో చెట్టు వేగంగా పెరిగేటప్పుడు పెద్ద పెద్ద నీటి గొట్టాలున్న పలచని చెక్క పెరుగుతుంది. ఎండాకాలంలో పెరిగేది చిక్కటి, గట్టి చెక్క. బ్లాక్ యాష్‌లో ఈ రెంటికీ తేడా చాలా స్పష్టంగా ఉంటుంది. ఒక పొరను మరో పొరకు కుట్టిపట్టే అడ్డనార బలహీనం. దెబ్బ పడగానే గొట్టాలున్న మెత్తటి చెక్క నలిగి పొడి అవుతుంది, గట్టి చెక్క నిలుస్తుంది. మీ చేతికి వచ్చే బద్ద ఎండాకాలపు చెక్క. దానికి అంటుకుని ఉండే గరుకు పీచు నలిగిన వసంతపు చెక్క.

ఇదంతా దుంగ తడిగా ఉన్నప్పుడే. ఎండితే పొరలు బిగుసుకుంటాయి, చివర్లు పగులుతాయి, పగులు ఉన్నంత మేరా పట్టీ పనికిరాదు. అందుకే కోసిన వెంటనే కొట్టాలి, లేదా దుంగను పారే నీటిలో ముంచి ఉంచాలి. బెరడు వలిచిన తరవాత పనికి విరామం ఇస్తే, ఒక్క రాత్రికైనా సరే, తడి గోనెసంచులు కప్పాలి. చెట్టులో నీరు నిండుగా ఉండే వసంతంలో పని అన్నిటికంటే సులువు.

బెరడు తీయడం, కొట్టడం

6 అడుగుల దుంగను మోకాలి ఎత్తులో రెండు దిమ్మల మీద కదలకుండా కూర్చోబెట్టండి. దిమ్మలకు V ఆకారంలో గాడి ఉంటే దొర్లదు. రెండు పక్కలా పిడి ఉన్న డ్రానైఫ్‌తో బెరడు, దాని కింది మెత్తటి లోపలి బెరడు పూర్తిగా తీసేయాలి, తెల్లటి చెక్క నున్నగా కనిపించేదాకా. లోపలి బెరడు ముక్క మిగిలితే దెబ్బ దాని మీద పడి జారుతుంది, కింది పొరకు బలం అందదు.

కొట్టడానికి మూడు నాలుగు పౌండ్ల గొడ్డలి మొద్దువైపు గానీ, అంతే బరువు సమ్మెట గానీ చాలు. ముఖం అంచులు ఆకురాయితో గుండ్రం చేసుకోండి. పదును అంచు పొరను అడ్డంగా కోసేస్తుంది, ఆ కోత దగ్గర పట్టీ తెగుతుంది. కంటికి అద్దాలు, చెవులకు దూది లేదా ప్లగ్గులు పెట్టుకోవడం మరవకండి. నలిగిన చెక్క నుంచి నీళ్లు, పీచు ముఖం మీదికి చిమ్ముతాయి.

ఒక చివర మొదలుపెట్టి, రెండంగుళాల వెడల్పు దారి ఊహించుకుని (కత్తితో సన్నగా రెండు నిలువు గీతలు పెట్టుకున్నా మంచిదే), ఒక దెబ్బ మీద సగం పడేలా మరో దెబ్బ వేసుకుంటూ అవతలి చివరిదాకా పోవాలి. ఒక్క చోటు వదిలినా పట్టీ అక్కడే ఆగిపోతుంది, లాగితే చిరుగుతుంది. దెబ్బ అడ్డంగా కాదు, నిటారుగా, అంతటా ఒకే బలంతో పడాలి. కొత్తవాళ్లు గట్టిగా కొడతారు, వరస తప్పుతారు. మెల్లగానైనా వరస తప్పకుండా కొట్టేవాళ్లకే పట్టీ వస్తుంది. పొర వదిలిన చోట చప్పుడు మారుతుంది: గట్టి చెక్క మీది టంగుమనే మోత పోయి బోలుగా వినిపిస్తుంది. ఆ చప్పుడు చివరిదాకా వచ్చిందంటే పని అయినట్టే.

అప్పుడు చివర మొండి కత్తితో పొర లేపి, వేళ్లు దూర్చి, మెల్లగా పైకి లాగండి. కొన్నిసార్లు రెండు మూడు పొరలు కలిసి లేస్తాయి, పరవాలేదు, తరవాత చేత్తో విడదీయొచ్చు. ఎక్కడైనా పట్టుకుంటే లాగొద్దు. పొరను కిందికి వదిలి అక్కడ మళ్లీ నాలుగు దెబ్బలు వేయండి. పక్క దారికి పోండి, దుంగ తిప్పండి, చుట్టూ ఒక వలయం పూర్తయ్యాకే లోపలి వలయానికి దిగండి. ఒకే పక్క లోతుగా తవ్వుకుంటూ పోతే దుంగ చదునై, మిగతా పట్టీల వెడల్పు తగ్గిపోతుంది.

బయటి పొరలు తెల్లగా ఉంటాయి, లోపలికి వెళ్లేకొద్దీ గోధుమరంగు. రంగు వేయకుండానే రెండు రంగుల బుట్ట చేయడానికి ఇదే దారి. విడివిడిగా చుట్టి పెట్టుకోండి.

చీల్చడం, గీకడం, కోయడం

వచ్చిన పొర మందం సగానికి చీలిస్తేనే బద్దకు పట్టులాంటి నునుపు వస్తుంది. కొట్టిన పొర పైముఖాలు రెండూ గరుకు, చీల్చిన ముఖం మాత్రం మెరుస్తుంది. పట్టీ చివర నుంచి ఒక అంగుళం లోపల, మందంలో సగం లోతుకు కత్తితో అడ్డంగా గీత పెట్టి, అక్కడ వంచితే గీత కింద చీలిక మొదలవుతుంది. రెండు నాలుకలను రెండు చేతులతో పట్టుకుని, పట్టీని మోకాళ్ల మధ్య బిగించి, రెండు పక్కలకూ సమానంగా లాగాలి. చాలామంది రెండు చెక్కపలకలను కలిపి కట్టి, వాటి మధ్య సందులోంచి పట్టీని పైకి లాగుతారు.

తప్పు జరిగేది ఇక్కడే. చీలిక మధ్యలో పోకుండా ఒక పక్కకు జరిగి, ఒక నాలుక పలచనవుతూ వస్తుంది. భయపడి పలచని పక్కను గట్టిగా లాగకండి, వెంటనే తెగుతుంది. పలచని నాలుకను నిటారుగా వదిలేసి, మందంగా ఉన్నదాన్ని ఎక్కువ వంచి లాగండి. చీలిక ఎప్పుడూ ఎక్కువ వంగిన పక్కకే జరుగుతుంది, నాలుగైదు అంగుళాల్లో మళ్లీ మధ్యకు వస్తుంది. చూపు చీలిక కొసన పెట్టాలి, చేతుల మీద కాదు. ఈ ఒక్క మెళకువ చేతికి పట్టడానికి చాలా పట్టీలు పాడవుతాయి. పాడైనవి పారేయకండి, అంచు చుట్టూ కట్టే కట్టుబద్దలకు పనికొస్తాయి.

గరుకు ముఖం గీకడానికి మోకాలి మీద మందపాటి తోలు ముక్క వేసుకుని, కత్తిని దాని మీద నిలువుగా అదిమి పట్టి, బద్దను కత్తి కింద నుంచి తన వైపు లాగుతారు. కదలాల్సింది బద్ద, కత్తి కాదు. కత్తిని వాలిస్తే అది చెక్కలోకి దిగి బద్దను తెంపుతుంది. తరవాత కత్తెరతో గానీ, చెక్కదిమ్మకు సమాన దూరాల్లో చిన్న బ్లేడ్లు దించిన గేజితో గానీ వెడల్పులు కోయాలి. పూర్వం గడియారం స్ప్రింగు ఉక్కుతో ఆ పళ్లు చేసుకునేవారు.

5 అంగుళాల బుట్ట లెక్క

మొదటి బుట్టకు నలుచదరంగా ఉండే 5 అంగుళాల అడుగుభాగం, గుండ్రటి మూతి, 4 అంగుళాల ఎత్తు పెట్టుకుంటే లెక్క సులువు.

నిలువు బద్దలు 14, ఒక్కోటి అర అంగుళం వెడల్పు, 18 అంగుళాల పొడవు, సుమారు ఒక మిల్లీమీటరు మందం. 18 ఎలా వచ్చిందంటే అడుగుభాగానికి 5, రెండు పక్కల ఎత్తుకు 8, పైన మడిచి లోపల దూర్చడానికి రెండు వైపులా రెండున్నర చొప్పున 5. అల్లిక బద్దలు పావు అంగుళం వెడల్పువి, నిలువు బద్దలకంటే పలచనివి, 24 అంగుళాల పొడవువి 18 పెట్టుకోండి. 16 వరసలు పడతాయి, రెండు అదనం. అంచుకు చీల్చకుండా ఉంచిన మందపాటి బద్దలు రెండు, అర అంగుళం వెడల్పు, 24 అంగుళాలు. కట్టుబద్ద ఒకటి, ఎనిమిదో వంతు అంగుళం వెడల్పు, 6 అడుగులు, ఎంత పలచనైతే అంత మంచిది. 6 అడుగుల దుంగ నుంచి వచ్చిన రెండంగుళాల పట్టీలు నాలుగు బాగా వస్తే ఇదంతా తీయొచ్చు. కొత్తవాళ్లు ఎనిమిది పెట్టుకోవాలి.

మందపాటి బద్దలను గోరువెచ్చటి నీళ్లలో 20 నిమిషాలు, అల్లిక బద్దలను ఐదు నిమిషాలు నానబెట్టండి. రాత్రంతా నానబెడితే ఇంకా మెత్తబడుతుందని అనుకోవద్దు. ఎక్కువ నానితే పీచు లేస్తుంది, బద్ద ఉబ్బుతుంది. ఉబ్బిన బద్దతో బిగువుగా అల్లినా ఎండాక సందులు పడతాయి.

బల్ల మీద ఏడు బద్దలు నిలువుగా, నునుపు ముఖం కిందికి ఉండేలా, మధ్యలో పావు అంగుళం సందుతో పరిచి, మిగతా ఏడు అడ్డంగా, ఒకదాని మీదుగా ఒకదాని కిందుగా అల్లండి. ఏడు అర అంగుళాలు, ఆరు పావు సందులు కలిపి సరిగ్గా 5 అంగుళాలు. మూలమట్టంతో నాలుగు మూలలూ చూసుకోండి. అడుగు వంకరగా ఉంటే ఆ బుట్ట ఎప్పటికీ నిటారుగా కూర్చోదు, పైన సరిచేయడం కుదరదు. అంచు వెంబడి స్కేలు పెట్టి, తడిపి, 28 కొసలనూ పైకి మడవండి.

28 సరిసంఖ్య కాబట్టి ఒకే బద్దతో చుట్టూ తిరుగుతూ పైకి పోలేం. రెండో వరస మొదటి వరస దారిలోనే పడుతుంది. అందుకే ప్రతి వరసకూ వేరే బద్ద. మొదలుపెట్టిన చోటికి తిరిగొచ్చాక, అదే దారిలో మరో నాలుగు నిలువు బద్దలు దాటించి, కొసను నిలువు బద్ద వెనక దాచేయాలి. తరవాతి వరస దీనికి ఎదురుగా, కింద వెలుపల ఉన్న నిలువు బద్ద పైన లోపలికి పడేలా ఉండాలి. ప్రతి వరసను వేరే పక్క నుంచి మొదలుపెట్టండి. అన్ని అతుకులూ ఒకే చోట పడితే బుట్ట అటు ఉబ్బుతుంది. మొదటి మూడు వరసలు అదుపులో ఉండవు. మూలల్లో బట్టల క్లిప్పులు పెట్టుకోండి. లోపల 5 అంగుళాల చెక్కదిమ్మ గానీ డబ్బా గానీ నిలబెట్టి అల్లితే మూతి లోపలికి ముడుచుకుపోదు. కొత్తవాళ్ల బుట్టలు పైకి పోయేకొద్దీ సన్నబడేది బద్దను ప్రతి మలుపులో లాగడం వల్ల. అల్లిక బద్దను లాగకుండా, వేలితో కిందికి అదమాలి.

16 వరసలు అయ్యాక ఆపేయండి. ఇది చాలామంది దాటేసే మెట్టు. బుట్టను నీడలో రెండు మూడు రోజులు ఆరనివ్వాలి. బద్దలు వెడల్పులో కుంచించుకుని వరసలు వదులవుతాయి. మొండి స్క్రూడ్రైవరుతో ఒక్కో వరసను కిందికి సర్దితే పైన ఒక వరస ఖాళీ వస్తుంది. దాన్ని నింపాకే అంచు. ఆరకముందే అంచు కట్టిన బుట్ట నెల తిరిగేసరికి లొడలొడలాడుతుంది.

అంచు కోసం, ఆఖరి వరసకు వెలుపల ఉన్న నిలువు బద్దల కొసలను సన్నగా కోసి, మడత దగ్గర మందం సగానికి గీకి, బాగా తడిపి, లోపలికి మడిచి మూడో నాలుగో వరస కిందికి దూర్చండి. లోపల ఉన్నవాటిని అంచుతో సమానంగా కత్తిరించండి. మందపాటి బద్దల కొసలు రెండేసి అంగుళాల మేర ఏటవాలుగా గీకి, ఒకదాన్ని వెలుపల, ఒకదాన్ని లోపల పెట్టి క్లిప్పులు బిగించండి. ఒకదాని అతుకు ఇవతల, రెండోదాని అతుకు అవతల పడాలి. రెంటి మధ్య పైన స్వీట్‌గ్రాస్ జడ కూర్చుంటుంది. నడివేసవిలో వేరు కదలకుండా కోసి, నీడన ఆరబెట్టి, మూడు పాయలుగా అల్లిన గడ్డి అది. ఎండాక వనిల్లా లాంటి వాసన వేస్తుంది. మన వట్టివేరులాగే తడి తగిలినప్పుడల్లా వాసన మళ్లీ లేస్తుంది, కాకపోతే ఇది మట్టి వాసన కాదు, తియ్యటి వాసన. కట్టుబద్దను ప్రతి రెండు నిలువు బద్దల సందులోంచి దూర్చి, అంచు మీదుగా చుట్టుకుంటూ ఒక ప్రదక్షిణ పూర్తి చేయండి. జడను నలిపేసేంత బిగించకండి.

నూనె, వార్నిష్ ఏమీ వద్దు. నేరుగా ఎండ తగిలే కిటికీలో గానీ, హీటర్ పైన గానీ పెట్టకండి. ఏడాదికోసారి కొంచెం నీళ్లు చిలకరించి ఆరబెడితే బద్దలు పెళుసెక్కవు.

అమ్మే ఆలోచన ఉంటే ఒక చట్టం తెలుసుకోవాలి. 1990 నాటి ఇండియన్ ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ చట్టం ప్రకారం, గుర్తింపు ఉన్న తెగ సభ్యులో, ఆ తెగ ధ్రువీకరించిన కళాకారులో కానివాళ్లు చేసిన వస్తువును తెగవాళ్ల చేతిపనిగా అమ్మడం నేరం. మీరు అల్లినది ఎంత బాగా కుదిరినా అది పొటావాటోమీ బుట్ట కాదు.

పచ్చపురుగు

ఈ పని ఎంతకాలం సాగుతుందో తేల్చేది అర అంగుళం పొడవున్న ఒక ఆకుపచ్చ పురుగు. ఎమరాల్డ్ యాష్ బోరర్ ఈశాన్య ఆసియా నుంచి వచ్చింది. ఆగ్నేయ మిషిగన్‌లో 2002లో దాన్ని గుర్తుపట్టేసరికే చెట్లు గుంపులుగా ఎండుతున్నాయి. యాష్ జాతుల్లో దానికి బాగా లొంగిపోయేవాటిలో బ్లాక్ యాష్ ఒకటి. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం 2017లో దాన్ని తీవ్రంగా అంతరించే ముప్పున్న జాతుల్లో చేర్చింది. పిల్లపురుగులు బెరడు కింద పాములా వంకర్లు తిరిగిన దారులు తొలుస్తాయి. పెద్ద పురుగు బయటికొచ్చిన చోట బెరడు మీద ఇంగ్లిష్ D అక్షరం ఆకారంలో ఎనిమిదో వంతు అంగుళం రంధ్రం ఉంటుంది. పైకొమ్మలు ఎండటం, వడ్రంగిపిట్టలు బెరడు పీకడం అంతకుముందే కనిపిస్తాయి.

పురుగు తినేది బెరడు కింది పలచని పొరనే, చెక్క లోతుల్లోకి దిగదు. కాబట్టి పురుగు పట్టినా ఇంకా పచ్చిగా ఉన్న చెట్టు బుట్టకు పనికొస్తుంది, బయటి రెండు మూడు వలయాలు వదులుకుంటే చాలు. నిలబడి ఎండిపోయినది పనికిరాదు. అందుకే కొందరు ముందే నరికి దుంగలను నీటిలో ముంచి దాస్తున్నారు. పాత పద్ధతే, ఇప్పుడు దానికి మరో ఉపయోగం తేలింది: పారే నీటిలో చలికాలంలో 18 వారాలు, వసంతంలో 14 వారాలు ముంచి ఉంచితే లోపలి పురుగులు చచ్చిపోతాయి, చెక్క మాత్రం కొట్టడానికి వీలుగానే ఉంటుంది. నీటిలో ముంచని దుంగను, వంటచెరుకుగా అయినా సరే, కారులో వేసుకుని మరో కౌంటీకి తీసుకెళ్లకండి. ఫెడరల్ క్వారంటైన్ 2021 జనవరిలో ఎత్తేశారు, పురుగు మాత్రం పోలేదు.

గన్ లేక్ బ్యాండ్ పొటావాటోమీల్లో కెల్లీ చర్చ్ అనే అల్లికకారిణి, 2018లో జాతీయ వారసత్వ ఫెలోషిప్ పొందిన మనిషి, గుడ్డు ఆకారపు ఒక బుట్టలో ఈ పురుగును చిన్న సీసాలో పెట్టి, పక్కనే ఈ పని నేర్పే సమాచారమున్న ఫ్లాష్ డ్రైవ్ పెట్టింది. చెట్టు మళ్లీ పెరిగే రోజుకు పని చెప్పేవాళ్లు మిగలకపోతే ఎలాగన్నది ఆమె లెక్క. ఆమె కూతురు చెరిష్ పారిష్ కూడా అల్లికకారిణే.

ఇక విత్తనాలు. బ్లాక్ యాష్ ఏటా కాయదు, మంచి కాపు వచ్చిన ఏడాదే ఏరుకోవాలి. తెడ్డులాంటి రెక్క ఉన్న కాయలు శరత్కాలంలో పసుపు వదిలి గోధుమరంగుకు తిరిగాక, రాలకముందే గుత్తులుగా కోస్తారు. కాగితపు సంచిలో ఆరబెట్టి, సంచి మీద ఏ చెట్టుదో, ఏ చోటిదో, ఏ తేదీనో రాయాలి. ప్లాస్టిక్ సంచి వద్దు, బూజు పడుతుంది. ప్రభుత్వ విత్తన నిధికి చేరిన యాష్ గింజలు కొలరాడోలోని ఫోర్ట్ కాలిన్స్‌లో భద్రంగా ఉన్నాయి. ఇంట్లో నాటాలనుకుంటే శరత్కాలంలోనే తడి ఇసుక కలిపిన మట్టిలో అర అంగుళం లోతున వేసి, కుండీని బయటే వదిలేయండి. గింజ లోపలి పిండం పూర్తిగా ఎదగడానికి ముందు ఒక వేసవి, నిద్ర తీరడానికి ఆ తరవాత ఒక చలికాలం కావాలి. మొదటి వసంతంలో ఏమీ మొలవదు. కుండీ ఖాళీ అనుకుని అందులో కొత్తిమీర చల్లకండి, ఆ ఏడాదంతా తడి ఆరకుండా చూసుకుంటే రెండో వసంతంలో మొలక వస్తుంది.